వంతు యాప్‌కి పడ్డ స్టార్లు

సురేష్‌బాబుకి ఈ లోకంలో ఇద్దరి మాట మీద గురి. ఒకరు, యాప్ తయారుచేసినవాళ్ళు దాన్ని జనంలోకి ఎలా తీసుకెళ్ళాలో వీడియోలు పెట్టి చెప్పే ఒక మాస్టారు. రెండోవారు, కట్టుకున్న భార్య సుమశ్రీ. ఇద్దరూ ఒకే మాట చెప్పిన రోజున అతనికి పండగే. చెరో మాట చెప్పిన రోజున మాత్రం భార్య మాటకి తలూపి, మాస్టారి మాట అమలుచేసేవాడు. మగవాళ్ళలో ఈ జబ్బు కొత్తదేం కాదు గాని, అతనిలో అది కాస్త ముదిరింది.

అనకాపల్లిలో పూడిమడక రోడ్డు మొదట్లో అతనిది సెల్‌ఫోన్ దుకాణం. మునగపాక వైపు ఊళ్ళ రైతులు మార్కెట్ యార్డుకి బెల్లం తెచ్చినప్పుడు, ఫోనుకి ఏ చిన్న నలత చేసినా అతని దగ్గరికే వస్తారు. "సార్జింగు నిలబడట్లేదు బాబూ" అంటే చాలు, ఫోను చేతిలోకి తీసుకుని అక్షరాలు పెద్దవి చేసి, అక్కర్లేని గేములు పీకేసి, వెనకాల ఊరికే తిరిగే యాప్‌లన్నింటినీ నిద్రపుచ్చి ఇస్తాడు. దానికి "ఫోనుకి పత్యం పెట్టడం" అని తనే పేరు పెట్టుకున్నాడు. చుట్టుపక్కల ఊళ్ళ ముసలివాళ్ళ ఫోన్లు సగం అతని పత్యం మీదే బతుకుతున్నాయంటే అబద్ధం కాదు.

ఇక సుమశ్రీ సంగతి. ఆమె దేవరాపల్లిలో ఉండే అతని మేనమామ కూతురు. హైదరాబాదులో పెద్ద కంపెనీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పెళ్ళయ్యాక ఇంట్లోనే కూర్చుని ఆ పని చేసుకునేది. కిందటేడు కంపెనీవాళ్ళు ఇక ఆఫీసుకి రావాల్సిందే అంటే, సరే సెలవన్నది. అందరూ నోరు నొక్కుకున్నారు. ఆమె మాత్రం దుకాణం వెనక గదిలో, పాత కవర్లూ ఛార్జర్లూ పక్కకి నెట్టి ఒక బల్ల వేసుకుని, "వంతు" అనే యాప్ తయారుచేయడం మొదలుపెట్టింది.

దాని అవసరం ఏమిటంటారా? బెల్లం తినేవాళ్ళకి తెలియదు గాని వండేవాళ్ళకి తెలుసు. ఊరి మొత్తానికి గానుగలు కొన్నే ఉంటాయి. ఎద్దులు పోయి మోటారు వచ్చినా ఇప్పటికీ దాన్ని గానుగనే అంటారు. రైతులందరూ వంతుల వారీగా అక్కడికి చెరకు తోలుకెళ్ళి, రసం తీసి, పెద్ద పెనంలో కాచి, బెల్లం దింపుకోవాలి. వంతు రాకముందే చెరకు నరికేస్తే అది ఎండిపోతుంది, బెల్లం నల్లబడుతుంది. నరక్కుండా కూర్చుంటే వంతు వెళ్ళిపోతుంది. గానుగాయన ఫోను చేస్తే ఈయన పొలంలో ఉంటాడు, ఈయన తిరిగి చేస్తే ఆయన పెనం దగ్గర ఉంటాడు. ఈ వంతుల కోసం అన్నదమ్ములే మాటలు మానుకున్న ఊళ్ళున్నాయి.

సుమశ్రీ ఆ గొడవని తీర్చడానికి పూనుకుంది. పూనుకోవడం అంటే కుర్చీలో కూర్చుని కాదు. మునగపాక దగ్గర అప్పలనరసింహం అనే పెద్దాయన గానుగకి రోజూ వెళ్ళి, చెరకు పిప్పి కుప్ప మీద కూర్చుని, ల్యాప్‌టాప్ మీద తువ్వాలు కప్పుకుని పని చేసింది. రైతుల చేతులు రసంతో జిగటగా ఉంటాయని చూసి, బొటనవేలు ఎటు పడినా తగిలేటంత పెద్ద బొత్తాలు పెట్టింది. చదువు రానివాళ్ళ కోసం అక్షరాలు తీసేసి బొమ్మలు పెట్టింది. ఫోను టింగుమంటే ఎవరూ పట్టించుకోవడం లేదని గమనించి, అప్పలనరసింహం గొంతునే రికార్డు చేసింది. వంతు ముందురోజు సాయంత్రం రైతు ఫోన్లోంచి ఆయన గొంతు "రేపు మీదే వంతు! సెరుకు నరికించండ్రోయ్!" అని అరుస్తుంది. మొదటిసారి ఆ కేక విని ఒకాయన అన్నం ముందు నుంచి లేచి గుమ్మం దాకా వెళ్ళి, "ఏడీ నరసింహం?" అని వెతికాడట.

ఇదంతా చూసిన సురేష్‌బాబుకి ఛాతీ పొంగిపోయేది. తను ఫోన్లు విప్పి బిగిస్తాడు. ఆ ఫోనులోకి ఏకంగా ఒక ఊరి గానుగని దింపేసింది ఈమె. ఆ తేడా ఏమిటో అతనికి బాగా తెలుసు. తెలిసినా కుళ్ళుకోలేదు. అది అతనిలో ఉన్న గొప్ప గుణం, కాబట్టి మాస్టారి జబ్బుని మనం క్షమించవచ్చు.

"ఈ సీజను అయ్యేదాకా చూత్తాను బావా" అంది సుమశ్రీ యాప్ వదిలిన రోజున. "జనానికి అక్కర్లేదని తెలిసిందనుకో, మూసేసి ఉద్యోగానికి పోతాను. అక్కర్లేని వస్తువు తీసుకెళ్ళి జనం నెత్తిన రుద్దడం నావల్ల కాదు."

ఆమె మాట ఊరికే పోలేదు. పాత కంపెనీవాళ్ళే మళ్ళీ ఫోను చేశారు. శివరాత్రి దాటిన సోమవారం వచ్చి చేరమన్నారు. సురేష్‌బాబు లెక్క వేసుకున్నాడు. దుకాణం ఇక్కడ, ఆమె అక్కడ. ఇక కాపురం శని ఆదివారాల రైళ్ళలోనే. అంతకంటే అతన్ని తొలిచేసిన సంగతి ఇంకొకటి ఉంది. ఇంత మంచి పని చేసిన మనిషి, ఎవరో చేయించుకునే పనికి తిరిగి పోతుందే అన్నది.

అందుకే మాస్టారి వీడియోలన్నీ తిరగేశాడు. యాప్ బొమ్మ ఏ రంగులో ఉంటే కళ్ళకి ఆనుతుంది, పేరు ఎన్ని అక్షరాలుండాలి, స్టోరులో పెట్టే మొదటి రెండు బొమ్మల్లోనే జనాన్ని ఎలా పట్టెయ్యాలి, అన్నీ నేర్చాడు. అన్నింటిలోకీ అతనికి నచ్చిన చిట్కా ఒకటుంది. రేటింగ్ అడగాలంటే వాడేవాడు మంచి సంతోషంలో ఉన్న క్షణం చూసి అడగాలట.

"రైతు ఎప్పుడు సంతోషంగా ఉంటాడు సుమా?"

"బెల్లం దింపినప్పుడు" అంది ఆమె, తలెత్తకుండా.

"అయితే బెల్లం దిగింది అని బొత్తాం నొక్కగానే, యాప్ ఎలాగుంది అని అడిగి స్టార్లు చూపించు."

"పని చేసుకుంటున్నోళ్ళని మెచ్చుకోమని అడగడం ఏటి బావా? సిగ్గుగా ఉంటాది."

"అడగందే అమ్మైనా పెట్టదు."

ఇంత పాత మాట వేసేసరికి ఆమెకి నవ్వొచ్చింది. నవ్వుతూనే పెట్టేసింది. అప్పలనరసింహం గొంతులోనే ఆ ప్రశ్న కూడా పలికించారు: "యాప్ ఎలగుందో సెప్పండి, నొక్కండి." కింద ఐదు స్టార్లు, ఖాళీగా, వరసగా.

ఫలితం వారం తిరక్కుండా వచ్చేసింది. పొద్దున్నే టీ గ్లాసు పట్టుకుని వెనక గదిలోకి వెళ్ళిన సురేష్‌బాబు, తెర మీదికి చూసి గ్లాసు కింద పెట్టేశాడు. రేటింగులు కుప్పలుగా పడ్డాయి. అన్నీ ఒకటే. ఒక్క స్టారు, ఒక్క స్టారు, ఒక్క స్టారు. ఎవరూ ఒక్క ముక్క కూడా రాయలేదు. పేర్లు కనపడవు, అంకెలే కనపడతాయి. ఆ ఒకట్ల మధ్యలో ఎవరో మహానుభావుడు ఇచ్చిన ఐదు మాత్రం ఒక్కటుంది.

సుమశ్రీ ఏడవలేదు. ఏడ్చి ఉంటే బాగుండేది. కుర్చీలో వెనక్కి వాలి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, "తెలిసింది కదా బావా" అంది.

"ఏటి తెలిసింది? రోజూ వాడుతున్నారు కదా జనం!"

"నరసింహం మావయ్య వాడమన్నాడని వాడుతున్నారు. ఆయన గానుగలో వంతు కావాలంటే గత్యంతరం లేదు మరి. మనసులో మాట ఇది." ఆమె వేలు ఆ ఒకట్ల మీద ఆగింది. "నాతో నేరుగా అనలేరు. ఎదురుపడితే రసం ఇత్తారు, బెల్లం ఇత్తారు. ఆడపిల్లని బాధపెట్టడం ఎందుకని ఊరుకున్నారు. ఇక్కడ పేరు కనపడదని తెలిసి నిజం చెప్పేరు."

సురేష్‌బాబుకి ఆ రోజు అన్నం సయించలేదు. సాయంత్రానికి మాత్రం కొత్త ఊపిరి వచ్చింది. ఫోనుకి ఎవరో ఒక ఏజెన్సీవాళ్ళ మెసేజి వచ్చింది. అడిగినన్ని ఐదు స్టార్లు వాళ్ళే వేయించి పెడతారట. మెచ్చుకుంటూ రాసే మాటలు కూడా వాళ్ళవేనట. పరుగున వెళ్ళి భార్యకి చూపించాడు.

ఆమె మెసేజి చదివి, ఫోను తిరిగి అతని చేతిలో పెట్టింది.

"బావా, మనింట్లో హైడ్రోస్ ఏసిన బెల్లం తింటామా?"

హైడ్రోస్ అంటే ఈ ప్రాంతంలో చెప్పనక్కర్లేదు. నల్లగా దిగిన బెల్లానికి పచ్చని రంగు తెచ్చిపెట్టే మందు. చూడ్డానికి బంగారంలా ఉంటుంది, తింటే ఒంటికి చేటు. సురేష్‌బాబు మెసేజి చెరిపేశాడు. చెరిపేసి, బెల్లం కొట్టిన రాయిలా ఆ గుమ్మంలోనే కూర్చుండిపోయాడు. ఓడిపోయిన రోజున కూడా ఇలా మాట్లాడగలిగిన మనిషిని తను ఎలా పోగొట్టుకుంటాడు? అదీ అతని బాధ.

శివరాత్రి అయిపోయింది. శుక్రవారం పొద్దున్న సుమశ్రీ చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ, "పద బావా, గానుగ దగ్గరికి వెళ్ళి చెప్పి వద్దాం" అంది.

"ఏటని?"

"యాప్ ఆపేత్తున్నామని. చెప్పకుండా ఆపేత్తే వంతులు తారుమారయిపోతాయి. ఇంకా కొందరి చెరకు పొలంలోనే ఉంది. ఎప్పట్లాగే ఫోన్లు చేసుకోమని చెప్దాం. ఆ ఐదు స్టార్లు ఇచ్చినోళ్ళు ఎవరో కనుక్కుని దండం పెట్టుకుని వద్దాం. ఆ ఒక్కరి వల్లే నేను ఇన్నాళ్ళు నిలబడ్డాను."

బండి నడుపుతూ దారంతా సురేష్‌బాబు వీడియోలన్నీ మనసులోనే తిరగేశాడు. మాస్టారు ఇలాంటి రోజుకి ఏ వీడియో చేయలేదు.

గానుగ జోరు మీద ఉంది. పెనంలో పాకం బుడగలు కక్కుతోంది. పొయ్యిలోకి పిప్పి తోస్తున్నారు. వంతు కోసం వచ్చినవాళ్ళు, వంతు అయిపోయినా కబుర్లకి ఉండిపోయినవాళ్ళు, నలుగురు ఆడవాళ్ళు, అందరూ పాక నీడలో చేరి ఉన్నారు. గానుగకి వచ్చినవాళ్ళని ఉత్త నోటితో మాట్లాడనివ్వడం ఆ చుట్టుపట్ల లేదు. పగవాడొచ్చినా ముందు గ్లాసుడు రసం, ఆ తరవాతే పగ. అప్పలనరసింహం ఇద్దరికీ రసం ఇప్పించి, తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ వచ్చాడు.

"రా తల్లీ. మొన్నంతా కనపడనేదేటి? పండగ సేసుకున్నారా?"

సుమశ్రీ రసం తాగి, గ్లాసు కింద పెట్టి, చేతులు జోడించింది.

"మావయ్యా, అందరికీ ఒక మాట చెప్దామని వచ్చేను. యాప్ ఈ ఆదివారంతో ఆపేత్తున్నాను. మీకు నచ్చలేదని తెలిసింది. నాకేం కోపం లేదు. మీరు ఇన్నాళ్ళు ఓర్చుకున్నందుకు సంతోషం. సోమవారం నుంచి నేను హైదరాబాదు ఉద్యోగానికి వెళ్ళిపోతున్నాను."

అప్పలనరసింహం తువ్వాలు భుజాన వేసుకోబోయి అలాగే ఆగిపోయాడు.

"ఒక్కటి అడుగుతాను" అంది సుమశ్రీ. "మీలో ఒకరు ఐదు స్టార్లు ఇచ్చేరు. వాళ్ళెవరో చెప్తే దండం పెట్టుకుని వెళ్ళిపోతాను."

ఆ మాటతో పాకలో కలకలం లేచింది. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అప్పలనరసింహం కళ్ళు ఎర్రబడ్డాయి.

"ఐదా? ఎవుడ్రా అది ఐదిచ్చినోడు?" గానుగంతా దద్దరిల్లేటట్టు అరిచాడు. "ఇంటిల్లిపాదికీ అంత మేలు సేసిన పిల్లకి ఐదిత్తారేట్రా? ఎవుడో ముందుకి రండి!"

సురేష్‌బాబు నోరు తెరుచుకుంది. మళ్ళీ మూయడం మరిచిపోయాడు.

ఆడవాళ్ళలోంచి ఒకావిడ లేచింది. బుల్లమ్మ అని, ఊరి చివర సొంతంగా సేద్యం చేసుకునే మనిషి. మొగుడు పోయినా చెరకు వదల్లేదు. కొంగు నడుముకి దోపుకుని, తప్పు చేసిన మొహం కాదు, తగువుకి సిద్ధమైన మొహంతో వచ్చి నిలబడింది.

"నానే ఇచ్చేను. అయితే ఏటి? దాయడమెందుకు?"

సుమశ్రీ గబగబా ఆమె దగ్గరికి వెళ్ళి చేతులు పట్టుకుంది. "అత్తా, నీ మేలు మరిచిపోను. నువ్వొక్కదానివే..."

"మేలేటి గుంటా!" బుల్లమ్మ చేతులు విడిపించుకుంది. "నీ యాపు నా వంతు మింగేసింది. వంతు దగ్గరికొచ్చేసిందని సెరుకు నరికేసి కుప్పేసుకుని కూకుంటే కబురే నేదు. ఎండిపోయిన సెరుకుతో బెల్లం నల్లగా బొగ్గులాగ దిగింది. దింపినాక ఎలగుంది సెప్పమని మళ్ళీ అడుగుతాది కూడాను! మండిపోయి సివరాకరి సుక్క మీద నొక్కేను. ఐదో రకం! అంతకన్నా కిందకి నేకపోయింది, ఉంటే అదీ నొక్కుదును."

మాట అర్థం కావడానికి సుమశ్రీకి కొంతసేపు పట్టింది. సురేష్‌బాబుకి ఇంకొంత ఎక్కువ పట్టింది. తిరిగి చూస్తే అప్పలనరసింహం తన ఫోను తీసి చూపిస్తున్నాడు.

"ఇదిగో తల్లీ, నాను ఒకటో రకం ఇచ్చేను. ఈ పాకలో మగోడన్నోడెవుడూ ఒకటి తప్పితే ఇయ్యనేదు. నచ్చనేదని ఎవుడు సెప్పేడు నీకు?"

బెల్లం పుట్టి పెరిగిన చోట మరి ఇంకెలా లెక్క కడతారు? యార్డులో ఏనాటినుంచో ఒకటో రకం అంటే పచ్చగా మెరిసే బెల్లం, రెండో రకం మధ్యస్థం, మూడో రకం నలుపు. అంకె పెరిగితే సరుకు దిగజారినట్టే. పెనం నుంచి బెల్లం దింపి, ఇది ఏ రకం పలుకుతుందా అని తలలో లెక్క వేసుకుంటున్న మనిషికి సరిగ్గా ఆ నిమిషంలోనే ఐదు గుర్తులు వరసగా చూపించి, ఎలా ఉందని అడిగితే, మెచ్చుకున్నవాడు మొదటి దాని మీద కాక ఎక్కడ వేలు పెడతాడు? మాస్టారి చిట్కా అంత బాగా పని చేసింది.

సురేష్‌బాబుకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. పిప్పి కుప్పల మధ్య గంతులేసినంత పని చేశాడు. అందరి దగ్గరికీ పరిగెత్తి, "ఫోన్లు తియ్యండి మావా, తియ్యండి! ఇక్కడ తిరకాసుంది. ఇందులో ఐదంటేనే గొప్ప. మార్చెయ్యండి, ఒకటి తీసేసి ఐదు నొక్కండి" అని బతిమాలడం మొదలుపెట్టాడు.

అప్పలనరసింహం ఫోను జేబులో పెట్టేసుకున్నాడు.

"తప్పు అల్లుడూ. మూడో రకం దాటితే పసువుల దాణాలో కలుపుతాం. ఐదో రకమని నా సేత్తో నాను నొక్కను. కంపెనీవోల్లకి తెలవకపోతే మనం నేర్పాల గాని, వోల్ల కోసం మనమ్మాయిని తక్కువ సేత్తామేటి?"

"నానూ నొక్కను" అన్నాడు చిన్నబాబు అనే ఇంకో రైతు. తక్కినవాళ్ళూ తలలు అడ్డంగా ఊపారు. ఇంత మొండి అభిమానం ఎదురైతే ఏ మార్కెటింగ్ మాస్టారు మాత్రం ఏం చేయగలడు? సురేష్‌బాబు చేతులెత్తేసి, ఈ శుభవార్తకి భార్య ఎంత మురిసిపోతోందో చూద్దామని వెనక్కి తిరిగాడు.

సుమశ్రీ అక్కడ లేదు.

పొయ్యికి అవతల, పిప్పి మీద బుల్లమ్మ పక్కన చతికిలబడి కూర్చుని ఉంది. అన్ని ఒకట్లనీ వదిలేసి, ఆ ఒక్క ఐదు దగ్గరికి వెళ్ళిపోయింది. బుల్లమ్మ ఫోను ఆమె చేతిలో ఉంది. ఒక్కొక్క సెట్టింగూ తెరిచి చూస్తోంది. నుదుటి మీద చెమట కూడా తుడుచుకోవడం లేదు. మెచ్చుకున్నవాళ్ళందరి మధ్యా నిలబడి దండలు వేయించుకోవలసిన సమయంలో, తిట్టిన మనిషి దగ్గర కూర్చోగలిగే వాళ్ళు ఎంతమంది ఉంటారు? సురేష్‌బాబు అయితే కూర్చోలేడు. ఆ సంగతి అతను తనకి తనే నిజాయితీగా ఒప్పుకున్నాడు.

"కేక నీకు వినపడలేదా అత్తా?"

"ఏ కేకా నేదు. అందరి ఫోన్లలోనూ నరసింహం అరుత్తాడట. నా ఫోన్లో గురకెట్టి పడుకున్నాడు."

"పడుకున్నాడు" అంది సుమశ్రీ నెమ్మదిగా, తెర మీద ఒకచోట ఆగి. "యాప్‌ని నిద్రపుచ్చేసేరు. ఎవరు చేసేరిది?"

"ఎవులేటి, నీ మొగుడే. సార్జింగు నిలబడట్లేదంటే పత్యం ఎట్టేడు."

పాకంతా గొల్లుమంది. సురేష్‌బాబు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియక పిప్పి కుప్ప వైపు చూశాడు. దూరిపోవడానికి చాలినంత పెద్దదే. అతని వైద్యం వల్ల ఒక మనిషి చెరకు ఎండిపోయింది. భార్య ఇప్పుడు నలుగురిలోనూ కడిగేస్తుందని ఎదురుచూశాడు. కడిగేసినా న్యాయమే.

ఆమె అతని వైపు ఒక్కసారి చూసి, మళ్ళీ బుల్లమ్మ వైపు తిరిగింది.

"అతను ఛార్జింగు కోసం చేసేడత్తా, నీకు మేలనే చేసేడు. తప్పు నాదే. ఫోను నిద్రపోతే ఏం చెయ్యాలో నా యాప్‌కి నేను నేర్పలేదు. నీ ఫోను పలకకపోతే ఆ సంగతి నరసింహం మావయ్య ఫోనుకి తెలియాలి, ఆయన మనిషిని పంపి తలుపు కొట్టించాలి. అది ఇప్పుడు రాత్తాను. పొలంలో నీది ఇంకెంత ఉంది?"

"సగం ఉంది. ఏటి లాభం? నా వంతు మళ్ళీ ఎప్పుడొత్తాదో."

సుమశ్రీ అప్పలనరసింహం వైపు చూసింది. ఆయన పాకలోని వాళ్ళ వైపు చూశాడు. చిన్నబాబు తన ఫోను తీసి, జిగట వేలితో ఒక బొత్తాం నొక్కాడు. వంతు వెనక్కి వేసుకునే బొత్తాం అది.

"సోమవారం నాది. బుల్లమ్మొదినకి రాసెయ్యండి, నాను తరవాత రోజు ఆడించుకుంటాను."

అతని వెనక వంతు ఉన్నవాడు కూడా ఫోను తీశాడు. ఆ వెనకవాడూ తీశాడు. వరసంతా ఒక్కొక్క రోజు వెనక్కి జరిగింది. ఒకప్పుడు ఇదే పాకలో వంతుల కోసం చొక్కాలు పట్టుకున్నవాళ్ళు వీళ్ళు. వాళ్ళు ఎంత సులువుగా నొక్కేస్తున్నారో చూసి సురేష్‌బాబు, ఈ యాప్‌ని చేసిన మనిషికి తను మొగుడైనందుకు కాదు, ఆమె పని చూడ్డానికి ఇక్కడ ఉన్నందుకు మురిసిపోయాడు.

బుల్లమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. కొంగు దించేసరికి మళ్ళీ పాత బుల్లమ్మే.

"ఇప్పుడు మార్చి ఒకటిత్తావేటత్తా?" అని నవ్వుతూ అడిగింది సుమశ్రీ.

"ఎందుకిత్తాను? ఉత్త మాటలకి ఒకటో రకం ఇచ్చీడానికి నానేటి ఎర్రిదాన్నా? సోమవారం నా సెరుకు ఆడాల, బెల్లం దిగాల, అది పచ్చగా ఉండాల. అప్పుడు సూసి సెప్తాను. అంతవరకూ నీది ఐదో రకమే. సోమవారం నువ్వుండి సూపిత్తావా, ఐదరాబాదు పోయి కూకుంటావా?"

సోమవారం ఆమె ఉద్యోగంలో చేరాల్సిన రోజని పాకలో అందరికీ తెలుసు. ఆమె చెప్పి ఇంకా ఎంతో సేపు కాలేదు. పెనం దగ్గర పాకం తిప్పుతున్న మనిషి కూడా చేతిలో తెడ్డు ఆపి ఇటు చూశాడు.

సుమశ్రీ ఫోను బుల్లమ్మ చేతిలో పెట్టి, గుడ్డి నమ్మకంతో కాదు, పని తెలిసిన మనిషి బింకంతో చెప్పింది.

"ఎక్కడికీ పోనత్తా. సోమవారం పొద్దున్నే వత్తాను. నీ బెల్లం దిగేదాకా ఇక్కడే కూకుంటాను."

అప్పలనరసింహం తువ్వాలు గాలిలోకి విసిరి ఇంకో గ్లాసు రసం తెమ్మని అరిచాడు. ఆ కేక అచ్చం ఫోన్లో కేకలాగే ఉండడంతో ఇద్దరు ముగ్గురు జేబులు తడుముకున్నారు. సురేష్‌బాబు మాత్రం మొహం అటు తిప్పేసుకుని కళ్ళు తుడుచుకున్నాడు. పొయ్యి పొగ ఆ సమయంలో రోడ్డు వైపు పోతోంది. తప్పు దాని మీద నెట్టెయ్యడానికి కూడా అతనికి వీల్లేకపోయింది.